ట్రియెస్టేలో బుధవారం మధ్యాహ్నం

శాస్త్ర సదస్సులకు వెళ్ళేవాళ్ళకి బుధవారం మధ్యాహ్నం విలువ తెలుసు. సోమ, మంగళవారాలు పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా ప్రసంగాలే. తెర మీద సమీకరణాలు, కాఫీ వేళల్లో హడావుడి పలకరింపులు. బుధవారం భోజనాలయ్యాక మాత్రం హాలుకి తాళం పడుతుంది. నిర్వాహకులు బస్సు తెప్పించి ఊరు చూపిస్తారు. తిరిగొచ్చాక కాలేజీకి సమర్పించే నివేదికలో ఆ పూట గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. నేను రాయాలనుకున్నది ఆ పూట గురించే.

ఈ ఆచారం వెనక పెద్ద ఆలోచనే ఉంది. 1822లో లోరెంజ్ ఓకెన్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త తోటివాళ్ళని లైప్‌జిగ్‌లో సమావేశపరిచాడు. చిన్న చిన్న రాజ్యాలుగా చీలి ఉన్న ఆనాటి జర్మనీలో ఒక ఊరి పండితుడికి ఇంకో ఊరి పండితుడు పుస్తకాల్లో మాత్రమే పరిచయం. ఆ సంఘం తన ముఖ్యోద్దేశంగా రాసుకున్నది పరిశోధన పత్రాలు చదవటం కాదు, సభ్యులు ఒకరినొకరు ముఖాముఖి ఎరగటం. రెండు వందల ఏళ్ళు గడిచినా ఆ అవసరం తగ్గలేదు. మా లాంటి వాళ్ళకి మరీను.

ట్రియెస్టే ఇటలీకి ఈశాన్యపు మూలన, ఏడ్రియాటిక్ సముద్రం పైకొసన ఉంటుంది. ముందు సముద్రం, వెనక నిటారుగా కొండ, ఆ రెంటి మధ్య ఇరుక్కున్న రేవుపట్నం. కొండెక్కి కాస్త దూరం పోతే స్లొవీనియా. విశాఖలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ రూపురేఖలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అయితే మన సముద్రానికి ఉన్న హోరు దీనికి లేదు. సెప్టెంబరు చివరి ఎండలో నీలంగా, కదలకుండా ఉంది. బార్కోలా అనే పేటలో ఊరి జనం ఇసుక కూడా లేని సిమెంటు గట్టు మీద తువ్వాళ్ళు పరుచుకుని పడుకున్నారు. ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఆగినవాళ్ళు, మనవల్ని తెచ్చుకున్న అమ్మమ్మలు, పేకాడే ముసలాళ్ళు. పక్కనే కార్లు పోతుంటాయి, ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు. మన బీచ్ రోడ్డు మీద సాయంత్రం పూట ఒక పెద్దావిడ ఒంటరిగా అలా గట్టు మీద వాలి నిశ్చింతగా పుస్తకం చదువుకోగలదా అని ఆలోచిస్తూ నడిచాను.

1719లో ఆస్ట్రియా చక్రవర్తి ఆరవ చార్లెస్ ఈ ఊరిని సుంకాల్లేని స్వేచ్ఛా రేవుగా ప్రకటించాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలు వియన్నాకి సముద్రపు వాకిలి ఇదే. గ్రీకులు, సెర్బులు, యూదులు, స్లొవీన్లు, అందరూ వచ్చి స్థిరపడ్డారు. సూయజ్ కాలువ తెరుచుకున్నాక లాయిడ్ కంపెనీ స్టీమర్లు ఇక్కణ్ణుంచి బొంబాయి దాకా తిరిగేవి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఊరు ఇటలీది అయింది. రెండో యుద్ధం తర్వాత 1947 నుంచి 1954 దాకా ఏ దేశానికీ చెందని ప్రత్యేక భూభాగంగా మిగిలింది. అలాంటి అంచు ఊళ్ళోనే ఒక పాకిస్తానీ భౌతికశాస్త్రవేత్త ప్రపంచంలోని పేద దేశాల శాస్త్రజ్ఞులకి ఇల్లు కట్టాడు.

అబ్దుస్ సలాం కేంబ్రిడ్జిలో చదివి 1951లో లాహోరు ప్రభుత్వ కళాశాలకి తిరిగొచ్చాడు. తన విషయం గురించి మాట్లాడటానికి చుట్టుపక్కల మనిషి లేడు. కాలేజీవాళ్ళు హాస్టలు వార్డెను పని, జమాఖర్చులు, ఫుట్‌బాల్ జట్టు ఈ మూడింటిలో ఒకటి చూసుకోమన్నారు. ఫుట్‌బాల్ తీసుకున్నాడు. మూడేళ్ళకి ఉండలేక మళ్ళీ కేంబ్రిడ్జికి వెళ్ళిపోయాడు. స్వదేశమో, శాస్త్రమో ఒకటే ఎంచుకోవాల్సి రావటం ఆయన్ని జీవితాంతం బాధించింది. అలాంటి గతి ఇంకొకరికి పట్టకూడదని 1960 నుంచి దేశదేశాల ప్రతినిధుల వెంటపడి, 1964లో ట్రియెస్టేలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రాన్ని మొదలుపెట్టించాడు. 1968లో అది ఊరికి కాస్త దూరంలోని మీరామారేకి మారింది. మా సదస్సు అక్కడే. సొంత దేశంలోనే ఉద్యోగం చేసుకుంటూ కొన్నేళ్ళపాటు అప్పుడప్పుడూ వచ్చి కొన్ని వారాలు ఉండిపోయే ఏర్పాటు ఒకటి ఆయన పెట్టాడు. గ్రంథాలయంలో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకుని మళ్ళీ ఊరెళ్ళి పాఠాలు చెప్పుకుంటాం. 1979లో నోబెల్ అందుకోవటానికి స్టాక్‌హోమ్‌కి షేర్వాణీ, తలపాగాతో వెళ్ళిన సలాం ఫొటో చూసినప్పుడల్లా, ఈయన మనవాడు అనిపిస్తుంది నాకు. సరిహద్దు గీత ఆ అనుభూతికి అడ్డు రాదు.

వచ్చిన రోజు సాయంత్రం పరిచయాల నడక. ఊరి నడిబొడ్డున పియాజ్జా ఉనితా. మూడు పక్కలా రాజభవనాల్లాంటి కట్టడాలు, నాలుగో పక్క సముద్రం. మాకు దారి చూపించిన స్థానిక విద్యార్థిని పాత కాలువ వంతెన మీద నిలబడిన జేమ్స్ జాయిస్ కంచు విగ్రహం దగ్గర ఆగింది. 1904లో ఇరవై రెండేళ్ళ వయసులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతకటానికి ఈ ఊరొచ్చాడు జాయిస్. ‘యులిసీజ్’ మొదలుపెట్టింది ఇక్కడే. ‘అరేబియన్ నైట్స్’ని ఇంగ్లీషు చేసిన రిచర్డ్ బర్టన్ కూడా 1872 నుంచి చనిపోయేదాకా ఇక్కడే బ్రిటిష్ కాన్సులు. ఈ పేర్లు వింటుంటే, సొంత చోటు దొరకని మనుషులకి కూర్చుని రాసుకునే బల్ల ఇచ్చిన ఊరు ఇది అనిపించింది.

ఆ బల్లలు కాఫీ హోటళ్ళలోవి. 1914లో తెరిచిన కఫే సాన్ మార్కోలో సగం పుస్తకాల దుకాణం, సగం కాఫీ. లోపలికెళ్ళి కూర్చుంటే గంటలు గడిచినా లెమ్మనేవాడు లేడు. కాఫీ గింజల దిగుమతికి ఈ రేవు పేరుమోసింది, ఇల్లీ కంపెనీ 1933లో పుట్టింది ఇక్కడే. గాజు గ్లాసులో గుక్కెడు కాఫీ మీద నురగ వేసి ఇచ్చారు. బాగా చిక్కగా, చేదుగా ఉంది. మా అరకు కాఫీ గురించి చెబితే కౌంటరు వెనక ఉన్న పెద్దాయన చేస్తున్న పని ఆపి విన్నాడు. ఎంత ఎత్తులో పండిస్తారు, నీడకి ఏ చెట్లు, గింజని ఎండలోనే ఎండబెడతారా అని వరసగా అడిగాడు. సిల్వర్ ఓక్ చెట్ల గురించీ, వాటి మీదికి పాకించిన మిరియపు తీగల గురించీ, ఆదివాసీ రైతుల గురించీ నాకు తెలిసినంత చెప్పాను. తను అమ్మే సరుకు ఏ చేతుల్లోంచి వస్తుందో తెలుసుకోవాలన్న ఆ ఆసక్తి నాకు చాలా గౌరవంగా తోచింది.

సోమవారం సాయంత్రం మీరామారే కోట. సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండ మీద తెల్లటి రాతి భవనం. ఆస్ట్రియా చక్రవర్తి తమ్ముడు మాక్సిమిలియన్ 1856లో కట్టించటం మొదలుపెట్టాడు. అతను నౌకాదళాధిపతి. చదువుకునే గదిని తన ఓడ నోవారాలోని గది నమూనాలోనే చెక్కతో కట్టించుకున్నాడు. ఆ ఓడ పేరు విన్నాక నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. 1857 ఏప్రిల్‌లో ఆ నోవారా ట్రియెస్టే నుంచే బయలుదేరి శాస్త్రవేత్తలతో భూమిని చుట్టొచ్చింది. 1858 మొదట్లో సింహళం మీదుగా మద్రాసు చేరి అక్కణ్ణుంచి నికోబార్ దీవులకి వెళ్ళింది. మా విశాఖ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. శాస్త్రం కోసం ఇక్కడి మనుషులు మా వైపు వచ్చిన దారిలోనే, ఎదురుగా నేనిప్పుడు ఇటొచ్చానన్న మాట.

ఆ ఓడ కథ అక్కడితో అయిపోలేదు. 1864లో మెక్సికో సింహాసనం ఇస్తామంటే నమ్మి, మాక్సిమిలియన్ అదే ఓడెక్కి వెళ్ళాడు. 1867 జూన్ 19న అక్కడి గణతంత్ర సేన అతన్ని కాల్చి చంపింది. మరుసటి ఏడు జనవరిలో శవాన్ని ట్రియెస్టేకి తెచ్చింది కూడా నోవారానే. భార్య షార్లట్ మతి చలించి 1927 దాకా బతికింది. తోటలో పళ్ళరసం గ్లాసులు పట్టుకుని నిలబడిన మాకు ఈ కథ చెప్పిన గైడు ఎక్కడా గొంతు పెంచలేదు, రాజుల వైభవాన్ని పొగడనూ లేదు. పరాయి దేశాన్ని పాలించబోయిన మనిషికి ఏమైందో చెప్పి ఊరుకుంది. వింటున్నవాళ్ళలో మెక్సికో నుంచి వచ్చిన ఆవిడ ఒకరున్నారు. మాక్సిమిలియన్‌ని ఓడించిన బెనీతో హువారెస్ గురించి, ఆదివాసీ కుటుంబంలో పుట్టి దేశాధ్యక్షుడైన తీరు గురించి, ఆవిడ మిగతా సగం కథ చెప్పారు. కోట చూసి మేం నేర్చుకున్నదానికంటే ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నది ఎక్కువ.

బుధవారం మధ్యాహ్నం మా బస్సు కొండెక్కింది. ఊరి వెనక ఉన్న ఆ సున్నపురాయి పీఠభూమి పేరు కార్స్ట్. నీటికి సున్నపురాయి కరిగి గుహలూ గుంటలూ ఏర్పడే నేలలన్నిటినీ ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలుస్తారు. పైన ఎక్కడా ఏరు కనబడదు. వాన పడితే పగుళ్ళలోకి దిగిపోతుంది. ఎర్రమట్టి, బూడిదరంగు రాళ్ళు, పొట్టి ఓక్ చెట్లు, ద్రాక్షతోటలు. ఊళ్ళ పేర్ల పలకల మీద ఇటాలియన్‌తోబాటు స్లొవీన్ కూడా ఉంది.

మేం వెళ్ళింది గ్రొత్తా జిగాంతె అనే గుహకి. 500 మెట్లు దిగాలి. దిగేకొద్దీ చలి. లోపల ఏడాది పొడుగునా 11 డిగ్రీలే. చివరి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒకే ఒక్క గది, దాదాపు 100 మీటర్ల ఎత్తు, 168 మీటర్ల పొడవు. కింద నడుస్తున్న మనుషులు గుర్తుపట్టలేనంత చిన్నగా కనిపించారు. నేలలోంచి లేచిన సున్నపు స్తంభాలు తేమకి మెరుస్తున్నాయి. ఒక్కో చుక్కా జారి, ఆరి, మిగిల్చిన సున్నం అది. వేల ఏళ్ళ పని.

చిన్నప్పటి నుంచి బొర్రా గుహలు ఎరిగినదాన్ని. అనంతగిరి కొండల్లో రైలు దిగి, గబ్బిలాల వాసన, దీపాల వెలుగు, లోపల శివలింగం దగ్గర గంట. బొర్రాకి ఒక దేవుడున్నాడు. ఆవు పడిపోయిన కథ ఉంది. గోస్తనీ నది ఉంది. ఈ గుహలో గుడి లేదు కానీ, నేను మొక్కుకోదగ్గది ఒకటి కనబడింది. గది మధ్యలో పైకప్పు నుంచి అడుగుదాకా దిగిన రెండు పొడవాటి గొట్టాలు. వాటిలో గాలి సోకకుండా తీగలకి వేలాడే లోలకాలున్నాయి. ట్రియెస్టే విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆంటోనియో మరుస్సీ అమర్చినవి. 1959 నుంచి కొలుస్తున్నాయి. వాటి పొడవు సుమారు 95 మీటర్లు.

చంద్రుడి లాగుడుకి సముద్రం పొంగుతుందని అందరికీ తెలుసు. నేల కూడా పొంగుతుంది. మన కాళ్ళ కింది గట్టి భూమి రోజుకి రెండుసార్లు సుమారు అడుగు మేర లేచి పడుతుంటుంది. చుట్టూ ఉన్నదంతా మనతోబాటే లేస్తుంది కాబట్టి మనకి తెలియదు. ఆ కదలికలో నేల కించిత్తు ఒరిగినా ఈ లోలకాలు పట్టుకుంటాయి. 1960లో చిలీలో వచ్చిన మహా భూకంపానికి భూగోళమంతా గంట మోగినట్టు కంపించింది. ఆ మోతని ఇవి నమోదు చేశాయి. 2004 డిసెంబరు 26 నాటి సుమత్రా భూకంపాన్ని కూడా నమోదు చేశాయి.

గైడు ఆ తేదీ చెప్పగానే నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ ఆదివారం పొద్దున మా తీరంలో సముద్రం వెనక్కి పోయి మళ్ళీ ఎగబడింది. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది బెస్తవాళ్ళు. మేం ఆ అల గురించి మాత్రమే మాట్లాడుకున్న రోజుల్లో, వేల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వెలుగు తగలని ఈ గదిలో ఒక తీగ అదే విపత్తుకి కదిలింది. భూమి ఒకటే అని పాఠం చెప్పటం వేరు, దాన్ని అలా నిలబడి చూడటం వేరు.

నా పక్కన కూర్చున్నది నైజీరియాలోని ఇబాదాన్ నుంచి వచ్చిన ఆచార్యురాలు. రెండు రోజులుగా మా ఇద్దరి మధ్యా చిరునవ్వులు తప్ప మాటల్లేవు. అక్కడ నోరు విప్పింది. నిన్నటి ప్రసంగంలో భూగర్భజలాల బరువుకి నేల ఎలా వంగుతుందో ఒకాయన చెప్పిన లెక్క తనకి సగమే అర్థమైందనీ, హాల్లో అంతమంది ముందు అడగబుద్ధి కాలేదనీ చెప్పింది. నాకూ సగమే అర్థమైంది. ఇద్దరం కలిపి చూసుకుంటే ముప్పాతిక వంతు తేలింది. మిగిలిన పాతికా లాహోరు నుంచి వచ్చిన కుర్రవాడొకడు పూర్తిచేశాడు. పైకెక్కే 500 మెట్లూ మాకు ఆ చర్చతోనే గడిచిపోయాయి. ఈ కార్స్ట్ లోపల తిమావో అనే నది పారుతుంది. స్లొవీనియాలోని ష్కోత్సియాన్ గుహల్లో దూరి, దాదాపు 40 కిలోమీటర్లు భూగర్భంలోనే నడిచి, సముద్రం పక్కన బయటపడుతుంది. వానలకి లోపల వరదొస్తే పీఠభూమి ఆ ఒత్తిడికి ఒరుగుతుంది. ఆ ఒరుగు ఈ లోలకాలకి తెలుస్తుంది. అసలు ఈ గుహలోకి 1840లో మొదట మనిషి దిగింది కూడా ఆ నది కోసమే. లిండ్నర్ అనే ఆయన ట్రియెస్టేకి తాగునీళ్ళు తేవాలని కొండంతా గాలించాడు. మరుసటి ఏడు ఇంకోచోట మూడు వందల మీటర్లకి పైగా దిగి నదిని చేరుకున్నాడు. మా ఇంటి కుళాయిలోకి నీళ్ళు ఎక్కడివో చెప్పాను వాళ్ళకి. బొర్రా గుహల్లోంచి దిగిన గోస్తనీకి కట్టిన తాటిపూడి జలాశయం నుంచి విశాఖకి నీళ్ళొస్తాయి. మిగిలిన నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. లాహోరు కుర్రవాడు కాగితం తీసి గోస్తనీ బొమ్మ గీయించుకున్నాడు.

బస్సు మమ్మల్ని ఒక పల్లెలో దింపింది. దారి మలుపులో కొమ్మకి పచ్చటి ఐవీ గుత్తి వేలాడదీసి ఉంది. ఆ గుత్తి ఉంటే దగ్గర్లో రైతు ఇల్లు భోజనానికి తెరిచి ఉందని గుర్తు. 1784లో చక్రవర్తి రెండో జోసెఫ్ రైతులు తమ ఇంటి పంటని ఏడాదిలో ఎనిమిది రోజులు సుంకం లేకుండా అమ్ముకోవచ్చని అనుమతించాడట. రోజుల లెక్క మారినా ఆచారం నిలిచింది. పెరట్లో పొడవాటి బల్లలు. రైతు కుటుంబం స్లొవీన్‌లో మాట్లాడుకుంటోంది. సొంత తోట ద్రాక్షసారా, సొంత పంది మాంసం, ఉడికించిన గుడ్లు, జున్నుగడ్డ, రొట్టె. బయటి నుంచి కొన్నది ఏదీ లేదు. మా బల్లలో సగానికి సగం మంది ఏదో ఒకటి తిననివాళ్ళే. ఇంటావిడ విసుక్కోలేదు, సంజాయిషీలు అడగలేదు. ఒక్కొక్కరి పళ్ళెం చూసి, లేనిదాని బదులు ఉన్నది పెంచింది. నాకు జున్ను, ఊరబెట్టిన కూరలు. లాహోరు అబ్బాయికి గుడ్లు, అప్పుడే తెంపిన ద్రాక్షగుత్తులు. పక్క బల్ల ముసలాళ్ళు పాటందుకున్నారు. ఇబాదాన్ ఆవిడ యోరుబా పాట ఒకటి తిరిగి పాడింది. ఆ రైతు టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు.

లాహోరు అబ్బాయి నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలవటం అక్కడే మొదలైంది. వాళ్ళమ్మమ్మది అమృత్‌సర్ అట. ఆవిడ వదిలి వచ్చిన వీధి పేరు అతనికి కంఠతా వచ్చు కానీ ఎప్పుడూ చూడలేదు. లాహోరుకీ అమృత్‌సర్‌కీ మధ్య 50 కిలోమీటర్లు. మేమిద్దరం మాట్లాడుకోవటానికి వేల కిలోమీటర్ల దూరం వచ్చాం. హిందీయో ఉర్దూయో విడదీయలేని భాషలో రాత్రి దాకా కబుర్లు చెప్పుకున్నాం. సలాంకి పాకిస్తాన్‌లో జరిగిన అవమానం గురించి, అహ్మదీయుడైనందుకు సమాధి రాతి మీద ముస్లిం అన్న మాట చెరిపేయటం గురించి, అతను తల దించుకుని చెప్పాడు. అదే సలాం, కలకత్తాలో మంచాన పడి ఉన్న తన లాహోరు నాటి లెక్కల మాస్టారు అనిలేంద్ర గంగూలీ ఇంటికి వెళ్ళి, తన నోబెల్ పతకం చూపించి, ఇది మీదే అన్నాడని నేను చెప్పాను. ఆ సంగతి అతనికి తెలియదు. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

గురువారం బోరా వీచింది. కార్స్ట్ వెనక పేరుకున్న చల్లగాలి కొండ దాటి ఒక్కుమ్మడిగా సముద్రం మీదికి దూకుతుంది. మరీ ఉధృతమైతే గంటకి 150 కిలోమీటర్లు దాటుతుందట. పూర్వం వీధుల్లో పట్టుకుని నడవటానికి తాళ్ళు కట్టేవాళ్ళు. మాకు తగిలింది చిన్న బోరాయే. అయినా కిటికీలు దడదడలాడుతుంటే 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చి గుండె పట్టేసింది. ఇక్కడివాళ్ళు మాత్రం ఆ గాలిని ఇంటి పెద్దని తలుచుకున్నట్టు ప్రేమగా తలుచుకుంటారు. ఆ మధ్యాహ్నం భోజనంలో యోతా అనే సూపు పెట్టారు. చిక్కుడుగింజలు, బంగాళదుంప, పులియబెట్టిన క్యాబేజీ. మాంసం వేయకుండా నాకు వేరే వండారు. పుల్లటి పప్పు తెలుగు నాలుకకి కొత్తా? రెండోసారి వేయించుకున్నాను.

శుక్రవారం ముగింపు సభ అయ్యాక నిర్వాహకురాలు ఒక మాట చెప్పింది. ఇష్టమైనవాళ్ళే రావచ్చు, రాకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, రిజియెరా చూపిస్తాం అంది. ఊరి చివర సాన్ సాబ్బా పేటలో 1898లో కట్టిన బియ్యపు మిల్లు అది. 1943 నుంచి 1945 దాకా నాజీలు దాన్ని చెరసాలగా, చంపేచోటుగా మార్చారు. వడ్లు దంచిన కట్టడంలో శవాల్ని కాల్చే కొలిమి పెట్టారు. ఇటలీలో అలాంటి కొలిమి ఉన్న నాజీ శిబిరం ఇదొక్కటే. యూదుల్ని ఇక్కణ్ణుంచి రైళ్ళలో జర్మనీ, పోలండ్ శిబిరాలకి పంపారు. ఇక్కడే చంపబడ్డవాళ్ళు వేలల్లో ఉంటారు. స్లొవీన్లు, క్రొయేట్లు, ఇటాలియన్ ప్రతిఘటన వీరులు. పారిపోతూ నాజీలు ఆ కొలిమిని పేల్చేశారు. 1975లో వాస్తుశిల్పి రొమానో బోయికో రెండు ఎత్తైన కాంక్రీటు గోడల మధ్య ఇరుకు దారిగా ప్రవేశం కట్టాడు. ఆ సందులో నడుస్తుంటే ఆకాశం సన్నటి చీలికలా కనిపిస్తుంది. కొలిమి ఉన్నచోట ఇప్పుడు ఉక్కు పలక పరిచారు.

ఊళ్ళోకి బియ్యపు మిల్లొస్తే పండగ చేసుకునే జిల్లాల మనుషులం మనం. ఊక వాసన, బెల్టుల చప్పుడు, తవుడు బస్తాలు, ఇవే మనకి మిల్లంటే. ఆ గోడలకి చెయ్యి ఆనించి నిలబడలేకపోయాను. బయటికొచ్చాక ఆ నిర్వాహకురాలి చేతులు పట్టుకున్నాను. అతిథులకి కోట, సముద్రం, మంచి భోజనం చూపించి పంపేయటం ఎవరికైనా తేలికే. మన సదస్సుల్లో మేం చేసేది అంతే. సింహాచలం, రుషికొండ, ఒక శాలువా, ఒక కొయ్యబొమ్మ. మన నేల మీద జరిగిన ఘోరాల దగ్గరికి అతిథిని తీసుకెళ్ళి నిలబెట్టే ధైర్యం మాకెప్పుడూ చాలలేదు. ఈవిడ తన ఊరి గాయాన్ని చూపించింది, సాకులు చెప్పకుండా. అంత నమ్మకం మా మీద ఉంచినందుకు ఆ ఊరంటే నాకు గౌరవం రెట్టింపైంది.

శనివారం దుయినో. సముద్రం మీద నిటారైన తెల్లటి కొండచరియలు, అంచున కోట. 1912 చలికాలంలో ఈ కోటలో అతిథిగా ఉన్నప్పుడే జర్మన్ కవి రిల్కే ‘దుయినో శోకగీతాలు’ మొదలుపెట్టాడు. ఆయన పేరుతో చరియ వెంట రెండు కిలోమీటర్ల కాలిబాట ఉంది. పైన్ చెట్ల వాసన, కింద పచ్చటి నీళ్ళు. కవిత్వం చదివినవాళ్ళు మాలో తక్కువే. అయినా ఆ ఊరి పేరు వినగానే అందరికీ ఇంకో మనిషి గుర్తొచ్చాడు. లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్. 1906 సెప్టెంబరు 5న, భార్యతో, కూతురితో సెలవులకి వచ్చిన చోట, 62 ఏళ్ళ వయసులో, ఆయన ఇక్కడే ఉరి వేసుకున్నాడు.

మేమంతా ఏదో ఒక రూపంలో ఆయన సమీకరణం వాడుకునేవాళ్ళమే. పదార్థం అణువులతో నిండి ఉందని ఆయన జీవితమంతా వాదించాడు. వియన్నాలోనే మాఖ్ లాంటి పెద్దలు కనబడని అణువుల్ని ఎలా నమ్మమంటావన్నారు. ఆయన పోయిన రెండేళ్ళకే పెరాన్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు మొదలై అణువుల సంగతి తిరుగులేకుండా తేల్చాయి. ఆ వాదాలే ఆయన్ని చంపాయని కొందరంటారు. నేనలా అనలేను. ఎన్నో ఏళ్ళుగా ఆయన మనోవ్యాధితో బాధపడుతున్నాడు, చూపు సన్నగిల్లింది, ఉబ్బసం పీడించింది. కానీ మాలో చాలామంది ఇళ్ళకి దూరంగా, ఏ ఒక్కరూ చదవని పరిశోధన పత్రాలు రాసుకుంటూ ఏళ్ళు గడిపినవాళ్ళం. ఆ బాట మీద మొదటిసారి కొందరు తమ గురించి చెప్పుకున్నారు. ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన ఒకాయన రెండేళ్ళు పరిశోధన పూర్తిగా మానేసిన సంగతి చెప్పాడు. ఇబాదాన్ ఆవిడ తన విద్యార్థి ఒకతను ప్రాణం తీసుకున్న సంగతి చెప్పింది. ఎవరూ ఓదార్పు మాటలు పలకలేదు. నడక నెమ్మది చేసి, ఆవిడ అడుగుకి మా అడుగు కలిపాం.

మధ్యాహ్నానికి సాన్ జొవాన్ని అనే చోట తిమావో నది దగ్గరికి చేరాం. పాత చర్చి పక్కన, చెట్ల నీడలో, రాళ్ళ కింది నుంచి నీళ్ళు పైకి ఉబుకుతున్నాయి. ఊటలా సన్నగా కాదు, ఏకంగా పెద్ద నదే పుట్టుకొస్తోంది. రోమన్ కవి వర్జిల్ తన కావ్యంలో ఈ నదిని ప్రస్తావించాడని మా గైడు చెప్పింది. బుధవారం మేం దిగిన గుహ పక్కల నుంచి, ఆ లోలకాల్ని ఒరిగిస్తూ వచ్చిన నీళ్ళు ఇవి. లాహోరు కుర్రవాడు చెప్పులు విడిచి నీళ్ళలో నిలబడ్డాడు. జేబులోంచి ఆ గోస్తనీ బొమ్మ తీసి, బొర్రా దగ్గర కూడా నేల ఇలాగే ఒరుగుతుందేమో ఎవరైనా కొలిచారా ఆపా అని అడిగాడు. లోలకం అక్కర్లేదు, ఈరోజుల్లో అరచేతిలో పట్టే ఒరుగుమాపకాలున్నాయి, తాటిపూడి నీటిమట్టం రికార్డులు దొరికితే చాలు అన్నాడు. ఇబాదాన్ ఆవిడ తన దగ్గర ఒక పాత పరికరం ఖాళీగా ఉందంది. చర్చి మెట్ల మీద కూర్చుని ముగ్గురం ఒక పేజీ రాసుకున్నాం.

ఇంటికొచ్చాక ఆ పేజీ పనిలో పడ్డాను. తాటిపూడి రికార్డులు అడిగాను, ఇస్తామన్నారు. డిసెంబరులో మా కాలేజీలో ఒక చిన్న సదస్సు పెడుతున్నాం. కార్యక్రమంలో బుధవారం ఒక్క పూట కాదు, రోజంతా ఖాళీ ఉంచాను. పొద్దున బొర్రా, మధ్యాహ్నం అరకులో ఒక గిరిజన రైతు ఇంట్లో భోజనం, కాఫీ తోటలో నడక. మన్యంలో అల్లూరి పోరాటం గురించి, ఆ తర్వాత పోయిన భూముల గురించి కూడా చెప్పగలిగే పెద్దాయన్ని ఒకర్ని రమ్మన్నాను. ఇబాదాన్ నుంచి వస్తానని ఉత్తరం వచ్చింది. లాహోరుకి కూడా ఆహ్వానం పంపాను. మర్నాడే జవాబొచ్చింది. వీసా ఊసే ఎత్తలేదు. బొర్రాలో మెట్లు ఎన్నో, పరికరం మోసుకుని దిగటానికి వీలుగా ఉంటాయో లేదో కనుక్కుని రాయమన్నాడు. వచ్చే ఆదివారం వెళ్ళి చూసొస్తాను.